నిన్నటి యంత్రానికి చెప్పిన సలహాలు: ఫోన్లు, కంప్యూటర్లపై అపోహలు - వాస్తవాలు

ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. ఒకసారి అన్నదమ్ములిద్దరు బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయిన ఫోను తెచ్చి, నా ముందే వాదనకు దిగారు. ఛార్జింగ్ పూర్తిగా అయిపోయాకే పెట్టాలని అన్న పట్టు. కాదు, ఎప్పుడూ నిండుగా ఉంచాలని తమ్ముడి పట్టు. నిజానికి ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అన్న చెప్పేది పాతకాలపు నికెల్ కాడ్మియం బ్యాటరీకి సరిపోయే మాట. తమ్ముడు చెప్పేది కార్లలో వాడే సీసం-ఆమ్లం బ్యాటరీకి సరిపోయే మాట. వారి చేతిలో ఉన్నది మాత్రం ఆ రెండూ కాదు, లిథియం అయాన్ బ్యాటరీ.

రోజూ మనం వాడే పరికరాల గురించి జరిగే వాదనల్లో చాలావాటి సంగతి ఇదే. అపోహల్లో ఎక్కువ భాగం పుట్టుకతో అబద్ధాలు కావు. ఏదో ఒక యంత్రానికి, ఏదో ఒక కాలంలో సరిగ్గా పనికొచ్చిన సలహాలు. యంత్రం మారిపోయింది, సలహా మాత్రం నోటి నుంచి నోటికి సాగుతూ వచ్చింది. అందుకే ఎవరైనా నన్ను ఏది సరైనదని అడిగితే, ముందు ఏ పరికరం గురించి అడుగుతున్నారో కనుక్కుంటాను.

అపోహ: బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యాకే ఛార్జింగ్ పెట్టాలి. రాత్రంతా పెడితే పేలిపోతుంది.

నికెల్ కాడ్మియం బ్యాటరీని సగంలోనే మళ్లీ మళ్లీ ఛార్జ్ చేస్తే లోపలి స్ఫటికాలు పెరిగి, ఓల్టేజీ ముందుగానే పడిపోయేది. అందుకే పూర్తిగా ఖాళీ చేయమనేవారు. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. దానికి పునాది వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. అంతకాలం గడిచినా పాత బ్యాటరీకి చెప్పిన సలహా ఇంకా బతికే ఉంది.

లిథియం అయాన్ బ్యాటరీకి రెండు కొసలూ ఇబ్బందే. నిండుగా ఉన్నప్పుడు సెల్ ఓల్టేజీ సుమారు 4.2 ఓల్టులు ఉంటుంది, కొత్త రకాల్లో ఇంకాస్త ఎక్కువ. ఆ ఒత్తిడిలో ఎంత ఎక్కువసేపు ఉంటే లోపలి ద్రావణం అంతగా, ఎలక్ట్రోడ్ల మీద కొంచెం కొంచెంగా విచ్ఛిన్నమవుతుంది. వేడి తోడైతే ఆ పని వేగం అందుకుంటుంది. అలా పుట్టిన వాయువే ఆ అన్నదమ్ముల ఫోనులో మూతను పైకి లేపింది. ఉబ్బిన బ్యాటరీని నొక్కి సర్దాలని, సూదితో గుచ్చి గాలి తీయాలని ఎవరూ ప్రయత్నించవద్దు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే క్షణాల్లో మంట లేస్తుంది. ఫోను ఆపేసి, ఛార్జింగ్ మానేసి, నేరుగా తెలిసినవారికి అప్పగించాలి.

రాత్రంతా ఛార్జింగ్ విషయానికి వస్తే, కరెంటును నియంత్రించే అసలు వలయం గోడకు పెట్టిన అడాప్టర్‌లో కాదు, ఫోను లోపల ఉంటుంది. బ్యాటరీ నిండగానే అది ఆపేస్తుంది. కాబట్టి మంచి స్థితిలో ఉన్న ఫోను రాత్రంతా తీగకు ఉన్నంత మాత్రాన పేలదు. నేను అభ్యంతరపెట్టేది దిండు కింద పెట్టి ఛార్జ్ చేయడాన్ని. వేడి బయటకు పోయే దారి ఉండదు. తెల్లవార్లూ నూరు శాతంలో వేడిగా మగ్గడం ఈ బ్యాటరీకి అన్నిటికన్నా చెడ్డ స్థితి. చాలా కొత్త ఫోన్ల సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఆపే వీలుంది. దాన్ని వాడండి.

నిజమైన ఖాళీ ప్రమాదం మరోచోట ఉంది. సున్నా చూపించి ఆగిపోయిన ఫోనులో ఇంకా కొంత శక్తి మిగిలే ఉంటుంది. కానీ దాన్ని అలాగే నెలల తరబడి సొరుగులో వదిలేస్తే ఆ మిగులు కూడా కరిగిపోతుంది. ఓల్టేజీ మరీ పడిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. రక్షణ వలయం ఇక ఛార్జింగ్‌ను అనుమతించదు. పాత ఫోను దాచాలనుకుంటే సగం ఛార్జింగ్‌తో దాచాలి. మరొక మాట: సగం సగం రెండుసార్లు ఎక్కిస్తే రెండు సైకిళ్లు, అంటే రెండు పూర్తి ఛార్జింగ్‌లు, అయినట్టు కాదు, ఒకటే. కాబట్టి కాసేపు కాసేపు ఎక్కించడంలో నష్టం లేదు. అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేస్తే తెర మీది శాతం లెక్క సరిపడుతుందేమో గాని, బ్యాటరీకి కొత్త బలం రాదు.

అపోహ: తెర మీద బొమ్మ కదలకపోతే మచ్చ పడుతుందనేది పాతకాలపు భయం.

గాజు గొట్టపు మానిటర్లలో ఒకే బొమ్మ గంటల తరబడి నిలిస్తే ఫాస్ఫర్ పూత అక్కడ అరిగి నీడలా మిగిలిపోయేది. స్క్రీన్ సేవర్ పుట్టింది అందుకే. ఎల్‌సీడీ తెరలు వచ్చాక ఆ అవసరం దాదాపు పోయింది. స్క్రీన్ సేవర్ పనికిరాదని చెప్పడమే తెలివైన మాట అయింది. తర్వాత ఓఎల్‌ఈడీ వచ్చింది. ఇందులో ప్రతి చుక్కా తనే వెలుగుతుంది, వాడిన కొద్దీ తనే మసకబారుతుంది. దారి చూపే యాప్ రోజంతా నడిచిన ఫోన్ల తెరల మీద ఆ యాప్ గుర్తులు శాశ్వతంగా ముద్ర పడటం నేను కళ్లారా చూశాను. పాత భయం కొత్త తెరతో మళ్లీ నిజమైంది. తెర వెలుగు తగ్గించడం, తొందరగా ఆరిపోయేలా పెట్టుకోవడం మంచిది.

యాప్‌లను ఒక్కొక్కటిగా పైకి తోసి మూసేయడం కూడా ఇలాంటి పాత అలవాటే. ఖాళీగా ఉన్న మెమొరీ వల్ల ఫోనుకు ఒరిగేదేమీ లేదు. అవసరమైనప్పుడు ఖాళీ చేసుకోవడం దానికి తెలుసు. మొరాయించిన యాప్‌ను మాత్రం మూయండి.

అపోహ: నీటిలో పడిన ఫోనును బియ్యంలో పెడితే బాగవుతుంది.

దీని మీద నాకు కోపం కూడా ఉంది, ఎందుకంటే బాగయ్యే ఫోన్లు దీనివల్లే పోతున్నాయి. ఫోనును చంపేది నీరు ఒక్కటే కాదు. నీటిలోని లవణాలు, దానికి తోడు పారుతున్న కరెంటు. తడి ఉన్నచోట కరెంటు పారితే గంటల్లోనే బోర్డు మీద ఆకుపచ్చని తుప్పు మొదలవుతుంది. బియ్యం చుట్టూ ఉన్న గాలిలోని తేమను కాస్త పీల్చవచ్చు. బోర్డు మీది లోహపు మూతల కింద ఇరుక్కున్న నీటిని అది లాగలేదు. 2024లో ఆపిల్ కూడా ఫోనును బియ్యంలో పెట్టవద్దని, చిన్న రేణువులు లోపలికి చేరి పాడుచేస్తాయని తన వినియోగదారులకు చెప్పింది.

మరి కొందరికి ఎలా పనిచేసింది? బ్యాటరీ ఊడదీసే వీలున్న కాలంలో, తడిసిన ఫోను నుంచి ముందు బ్యాటరీ తీసేవారు, తర్వాత రెండు మూడు రోజులు ముట్టుకునేవారు కాదు. ఫోనును కాపాడింది ఆ రెండు పనులు, పేరు మాత్రం బియ్యానికి దక్కింది. నేటి ఫోనులో బ్యాటరీ జిగురుతో అతికి ఉంటుంది, కాబట్టి బియ్యం డబ్బాలో ఉన్నంతసేపూ తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. తడిసిన వెంటనే ఆపేయండి. వెలుగుతుందో లేదో చూడాలని మళ్లీ నొక్కవద్దు, ఛార్జింగ్ పెట్టవద్దు. ఛార్జింగ్ రంధ్రం కిందికి వచ్చేలా పట్టుకుని మెల్లగా తట్టండి. ఆరోజే బోర్డు తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించగలిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ.

ఐపీ68 అని రాసి ఉంది కదా అంటారు. ఆ ముద్రలో 6 దుమ్ముకు, 8 నీటికి సంబంధించినవి. ఆ పరీక్ష కొత్త ఫోనుకు, మంచినీటిలో, తయారీదారు చెప్పిన లోతులో, చెప్పినంత సేపు చేసినది. సముద్రపు నీరు, సబ్బు నీరు లెక్కలో లేవు. అంచుల్లోని జిగురు, రబ్బరు ఏళ్లు గడిచే కొద్దీ బిగి కోల్పోతాయి. కిందపడి చట్రం కాస్త వంగినా చాలు. ఒకసారి విప్పి మూసిన ఫోనుకు ఆ భరోసా పూర్తిగా ఉంటుందని నేను ఎవరికీ మాట ఇవ్వను.

అపోహ: ఇన్‌కాగ్నిటో తెరిస్తే ఎవరికీ తెలియదు. తాళం గుర్తు ఉంటే ఆ సైటు నమ్మదగినది.

మొదటి రకం అపోహలు పరికరాన్ని పాడుచేస్తాయి. ఈ రకం మనిషినే దెబ్బతీస్తాయి. గూగుల్ వారి బ్రౌజర్ క్రోమ్ 2008లో తెచ్చిన ఇన్‌కాగ్నిటో చేసే పని చిన్నది. ఆ కిటికీ మూయగానే మీ పరికరంలో చూసిన సైట్ల జాబితా, మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైట్లు దాచే కుకీలు మిగలవు. అంతే. మీరు వెళ్లిన సైటుకు, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు, ఆఫీసు నెట్‌వర్క్ చూసేవారికి మీ రాక తెలుస్తూనే ఉంటుంది. ఈ విషయంపై గూగుల్ మీద 2020లో అమెరికాలో దావా పడింది. సేకరించిన సమాచారాన్ని చెరిపేయడానికి 2024లో ఆ సంస్థ ఒప్పుకుంది.

బ్రౌజర్‌లో సైటు చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తు ఒకప్పుడు నిజంగానే కొంత భరోసా. ఆ గుర్తు రావడానికి సైటుకు కావలసిన సర్టిఫికెట్‌కు డబ్బు, కాగితాలు, సమయం కావాల్సి వచ్చేవి. 2015 చివర నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఆ సర్టిఫికెట్‌ను అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అది ఇంటర్నెట్‌కు గొప్ప మేలు చేసింది. మోసగాళ్ల సైట్లకూ అదే తాళం వచ్చింది. దారిలో కవరును ఎవరూ చింపలేదని మాత్రమే తాళం చెబుతుంది. ఉత్తరం రాసినవాడు మంచివాడని చెప్పదు. ఈ అపార్థం పోవడానికే 2023లో క్రోమ్ ఆ గుర్తును తీసేసింది. చూడవలసింది చిరునామాను, అక్షరం అక్షరం.

ఫోను మన మాటలు రహస్యంగా విని ప్రకటనలు చూపిస్తుందా అనే ప్రశ్న కూడా తరచుగా వస్తుంది. 2018లో నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. రహస్యంగా మాటలు పంపుతున్న యాప్ వారికి దొరకలేదు. తెర మీద జరుగుతున్నది రికార్డు చేసి బయటకు పంపుతున్నవి మాత్రం దొరికాయి. మీరు ఎక్కడ తిరిగారు, ఎవరితో ఉన్నారు, మీతో ఉన్నవారు ఏం వెతికారు అన్నవి తెలిస్తే మాట వినవలసిన అవసరమే ఉండదు. మైకు మీద అనుమానంతో ఆగిపోయి, అడిగిన ప్రతి యాప్‌కూ లొకేషన్, కాంటాక్టులు ఇచ్చేస్తున్నాం.

అపోహ: పాస్‌వర్డ్ తరచుగా మార్చాలి, గుర్తులు కలపాలి, ఎక్కడా రాసుకోకూడదు.

ఇందులో మొదటి రెండు సలహాలకు ప్రచారం తెచ్చినవాటిలో ముఖ్యమైనది 2004లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వెలువరించిన పత్రం. దాన్ని రాసిన బిల్ బర్, 2017లో, తాను చెప్పినదానిలో చాలా భాగానికి ఇప్పుడు విచారిస్తున్నానని బహిరంగంగా అన్నారు. తన తప్పును అలా ఒప్పుకున్న మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. అదే ఏడాది నిస్ట్ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది: బయటపడిందన్న ఆధారం ఉంటేనే మార్చమనండి, గడువు పెట్టి మార్పించవద్దు, పొడవుకు ప్రాధాన్యం ఇవ్వండి. కారణం తేలికే. నెలనెలా మార్చమంటే మనుషులు చివరి అంకె ఒకటి పెంచుతారు. దాన్ని ఊహించడం దొంగకు కష్టం కాదు.

అసలు ముప్పు ఒకే పాస్‌వర్డ్‌ను అన్నిచోట్లా వాడటం. ఎక్కడో ఒక చిన్న సైటు నుంచి జాబితా బయటపడితే, దొంగలు అదే ఈమెయిల్, అదే పాస్‌వర్డ్‌తో మిగతా ఖాతాలన్నీ యంత్రాలతో తట్టి చూస్తారు. పాస్‌వర్డ్‌లన్నిటినీ తాళం వేసి దాచిపెట్టే యాప్, అంటే పాస్‌వర్డ్ మేనేజర్ వాడటం ఉత్తమం. అది అలవాటు కాని పెద్దవారికి నేను ఇచ్చే సలహా వింటే కొందరు నొచ్చుకుంటారు: ఖాతాకొక పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకుని, ఒక నోటుపుస్తకంలో రాసి, ఇంట్లో భద్రంగా దాచుకోండి. ఎక్కడో కూర్చున్న దొంగ మీ సొరుగు తెరవలేడు. ఆఫీసు బల్ల మీద అతికించిన చీటీల కాలంలో పుట్టిన నిషేధాన్ని పట్టుకుని, ఒకే పాస్‌వర్డ్‌ను ఇరవై చోట్ల వాడటం ఏ రకంగానూ భద్రం కాదు.

అపోహ: ఎలాగైనా తిరిగి తీయవచ్చు. ఎలాగూ క్లౌడ్‌లో ఉన్నాయి.

పాత హార్డ్ డిస్కులో ఫైలును చెరిపితే, దాని చిరునామా మాత్రమే పోయేది. లోపలి సమాచారం, దాని మీద కొత్తది పడేదాకా అలాగే ఉండేది. ఎన్నో కుటుంబాల ఫొటోలను అలా వెలికితీసి ఇచ్చాను. ఫోను చనిపోతే మెమొరీ చిప్ ఊడదీసి చదివే వీలు కూడా ఉండేది. ఆ రోజుల జ్ఞాపకంతోనే ఇప్పటికీ నా దగ్గరకు వస్తారు.

తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలోనే దాచే డిస్కు, ఎస్ఎస్‌డీ, వచ్చాక పరిస్థితి మారింది. చెరిపిన భాగం ఇక అక్కర్లేదని ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కుకు చెబుతుంది, డిస్కు తీరిక చూసుకుని దాన్ని నిజంగానే తుడిచేస్తుంది. నేటి ఫోన్లలో సమాచారమంతా గుప్తీకరించి ఉంటుంది. తాళంచెవి ప్రాసెసర్‌కు, మీ లాక్ కోడ్‌కు ముడిపడి ఉంటుంది. చిప్ ఊడదీసి చదివితే అర్థంలేని అంకెలే వస్తాయి. దొంగ చేతిలో పడినప్పుడు మిమ్మల్ని కాపాడే ఏర్పాటే, ఫోను పోయినప్పుడు నా చేతులు కట్టేస్తుంది. ఒక తల్లి, చనిపోయిన కొడుకు ఫోను తెచ్చి, లాక్ కోడ్ తెలియదని చెప్పినప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

క్లౌడ్‌లో ఉన్నాయనే మాటనూ ఒకసారి విప్పి చూడాలి. చాలా సేవలు చేసేది సింక్, అంటే అన్ని పరికరాల్లోనూ ఒకే రూపం ఉండేలా చూడటం. ఫోనులో స్థలం కోసం ఫొటో చెరిపితే అది అక్కడా చెరుగుతుంది. చెత్తబుట్టలో కొన్ని రోజులు ఉండి, ఆ తర్వాత పోతుంది. బ్యాకప్ అంటే ఇక్కడ చెరిపినా అక్కడ చెరగని కాపీ. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇప్పటికీ సరిపోతుంది: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటికి దూరంగా. మూడూ కుదరకపోతే విడిగా ఒక్క డిస్కు కొని నెలకోసారి కాపీ చేయండి. కాపీ చేశాక కొన్ని ఫొటోలను ఆ డిస్కు నుంచే తెరిచి చూడండి. తెరవని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

అందుకే ఫోను చేతికి తీసుకోగానే, ఇందులో ఉన్నవి ఇంకెక్కడైనా ఉన్నాయా అని అడుగుతాను. లేవంటే, తెర మార్చే పనైనా సరే, ముందు యజమాని ఎదుటే కాపీ తీయిస్తాను. ఫోను వెలగని స్థితిలో ఉంటే, బోర్డును కాసేపైనా బతికించే పనికే మొదట దిగుతాను. తెర పగిలి ఉన్నా, మూత ఊడి ఉన్నా ఫరవాలేదు. లాక్ కోడ్ తెలిసిన మనిషి పక్కన ఉంటే చాలు.