మాంచెస్టర్ పత్తి, మా సూదులు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో మామూలు జనాన్ని బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఆ ఊరి పత్తి చరిత్రను వాళ్ల చేతే గుడ్డ మీద కుట్టిస్తుంటాను. అక్కడ తరచూ వినబడే మాటలివి.

అపోహ: బానిసత్వం అమెరికాది, మిల్లులు మావి. రెంటికీ సంబంధం లేదు.

వాస్తవం: 1860 నాటికి బ్రిటన్ మిల్లులకు వచ్చే పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా అమెరికా నుంచే వచ్చేది. చాలావరకు బానిసల చేత ఏరించిన పత్తి అది. లివర్‌పూల్ రేవులో దిగి, 1830 తర్వాత రైలెక్కి మాంచెస్టర్ చేరేది. ఊరికి దగ్గర్లోని స్టయల్‌లో 1784లో క్వారీ బ్యాంక్ మిల్లు పెట్టిన శామ్యూల్ గ్రెగ్ కుటుంబానికి కరీబియన్‌లోని డొమినికా దీవిలో తోట ఉండేది, ఆ తోటలో బానిసలుండేవారు. ఇదంతా బోర్డు మీద రాసిపెడితే చదివేసి వెళ్లిపోతారు. 'డొమినికా' అని గొలుసు కుట్టుతో కుట్టమంటే గంట పడుతుంది. ఆ గంటలో ఎవరో ఒకరు తలెత్తి అడుగుతారు: "మరి తోటలో పనిచేసినవాళ్ల పేర్లేవి?"

అపోహ: కుట్టు రానివాళ్లు పాడుచేస్తారు.

వాస్తవం: వంకర కుట్టును నేను విప్పించను. ముడులు పడ్డ వెనక వైపు కూడా కనబడేలాగే వేలాడదీస్తాం.

అపోహ: డిజైన్ కళాకారులది, జనానివి చేతులు మాత్రమే.

వాస్తవం: చాలాచోట్ల జరిగేది ఇదే. దాన్ని భాగస్వామ్యం అనడానికి నాకు మనసొప్పదు. గుడ్డ కొలత, దారం రంగులు నేను చూసుకుంటాను. ఏం కుట్టాలో, ఏం వదిలేయాలో వాళ్లే తేల్చుకోవాలి.

ఒకసారి మగ్గాల షెడ్డులో పనిచేసిన పెద్దావిడ వచ్చారు. చేతులు వణుకుతాయి, సూది పట్టలేరు. ఖాళీ నాడె (మగ్గంలో అడ్డదారాన్ని అటూ ఇటూ మోసేది) చేతికిస్తే పెదవుల దగ్గర పెట్టుకుని, కండె దారాన్ని వాళ్లమ్మ నాడె కంట్లోంచి నోటితో ఎలా పీల్చేదో చూపించారు. మగ్గాల మోతలో మాట వినబడదు కాబట్టి పెదవులు పెద్దగా కదిపి మాట్లాడుకునేవారు, దాన్ని 'మీ-మా' అనేవారు. ఆవిడ అలా నిశ్శబ్దంగా పలికిన ఒక వాక్యాన్ని పెదవుల వరుసగా కుట్టాం. ఏ పెదవుల తర్వాత ఏవి రావాలో ఆవిడే చెప్పారు.

అపోహ: కలిసి కుడితే పాత గాయాలు మానిపోతాయి.

వాస్తవం: నేను ఎవరికీ ఆ మాట ఇవ్వను. బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 బ్రిటన్ చట్టం కింద బానిసల యజమానులకు నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించారు. బానిసలుగా బతికినవాళ్లకు పైసా ఇవ్వలేదు. దారంతో తీరే బాకీ కాదిది.

అపోహ: చివరికి అందరూ ఒక్క మాట మీదికి రావాలి.

వాస్తవం: అమెరికా అంతర్యుద్ధంతో పత్తి ఆగి, మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లుల ప్రాంతమైన లాంకషైర్ పస్తులున్న రోజుల్లో, 1862 డిసెంబరు 31న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో సభ పెట్టి కార్మికులు బానిసత్వానికి ఎదురు నిలిచిన అమెరికా అధ్యక్షుడు లింకన్‌కు మద్దతుగా లేఖ పంపారు. ఊరికి గర్వకారణం అది. లింకన్ విగ్రహం ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది. మా బృందంలో చాలామంది ఆ సభనే కుడదామన్నారు. స్టేలీబ్రిడ్జ్ నుంచి వచ్చినావిడ ఒప్పుకోలేదు. 1863 మార్చిలో వాళ్ల ఊళ్లో పని పోయిన కార్మికులకిచ్చే సహాయం తగ్గించారని ఆకలితో అల్లర్లు జరిగాయి, వాటినెవరూ తలుచుకోరు అంది. రెండు వారాలు వాదించుకున్నారు. ఇప్పుడు రెండూ ఒకే గుడ్డ మీద ఉన్నాయి. మధ్యలో జానెడు జాగా ఖాళీగా ఉంది, అక్కడ ఏం రావాలో ఇంకా తేలలేదు.