ఎస్ఎస్‌డీ వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుద్దా? ఒక రంగులరాట్నం లెక్క

మొన్న కావలి నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు, ఇంటర్ చదువుతుండాడు, "అన్నా, దాచుకున్న డబ్బులుండాయి, ఎస్ఎస్‌డీ వేయిస్తే గేముల్లో ఎఫ్‌పీఎస్ పెరుగుద్దా?" అని. ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి తెర మీదకొచ్చే బొమ్మల (ఫ్రేముల) లెక్క, ఎస్ఎస్‌డీ అంటే తిరిగే హార్డ్ డిస్కు బదులు చిప్పుల్లో డేటా దాచేది. పెరగదు అబ్బయ్యా అని చెప్పా. బొమ్మ గీసేది జీపీయూ, లెక్కలు చూసుకునేది సీపీయూ, డిస్కుకి ఆ పనితో సంబంధం లేదు. కానీ ఆట మధ్యలో టక్కున ఆగి మళ్లీ కదుల్తుంది చూడండి, ఆ జర్కు డిస్కు వల్ల వచ్చేదైతే మాత్రం పోద్ది.

ఎస్ఎస్‌డీలు ఎన్ని రకాలు అనేది వదిలేస్తున్నా, నాకు ఇష్టమైంది ఆ జర్కు ఎందుకు పోద్దనే లెక్క. పాడైపోయిన హార్డ్ డిస్కు ఒకదాన్ని నేను స్క్రూలు తీసి విప్పి చూశా. లోపల అద్దం మాదిరి పళ్లెం, నా మొహం కనపడింది దాంట్లో, దాని మీదకి సన్నటి కడ్డీ, కడ్డీ కొసన డేటా చదివే, బియ్యపు గింజంత కూడా లేని హెడ్డు.

ఇప్పుడు తిరణాళ్లలో రంగులరాట్నం గుర్తు తెచ్చుకోండి. మీరు కింద ఒకచోట నిలబడుండారు, పాప గుర్రం మీద తిరుగుతుంది, దాని చేతికి శెనక్కాయల పొట్లం అందించాలి. రాట్నం ఆ పళ్లెం, మీరు హెడ్డు, పాప మనక్కావాల్సిన డేటా ముక్క. పాప ఇప్పుడే మిమ్మల్ని దాటిపోయిందంటే మళ్లీ చుట్టు తిరిగొచ్చేదాకా ఆగాల్సిందే, సగటున అర చుట్టు. డెస్క్‌టాప్ డిస్కు నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకి 120, ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు, అర చుట్టుకి 4.2. అంతకుముందు హెడ్డు సరైన వరసకి జరగాలి (రాట్నంలో ఒకదాని లోపల ఒకటి వేల వరసలుండాయనుకోండి), దానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం 12, 13.

60 ఎఫ్‌పీఎస్‌లో ఒక ఫ్రేముకి దొరికే టైమే 16.7 మిల్లీసెకన్లు! ఒక్క ముక్క వెతికి తెచ్చేసరికే ముప్పాతిక ఫ్రేము అయిపోయింది. కారు కొత్త వీధిలోకి తిప్పారు, గోడలు, చెట్లు, శబ్దాలు అన్నీ కలిపి యాభై ముక్కలు యాభై చోట్ల ఉండాయనుకోండి, అర సెకను దాటిపోద్ది. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు, ముక్కకి సుమారు 0.1 మిల్లీసెకను, యాభై ఒకదాని తర్వాత ఒకటి అడిగినా 5, పైగా అది చాలా చిప్పుల్ని ఒకేసారి చదువుద్ది.

అదే పిల్లలంతా వరసగా కూర్చుంటే ఒక్క చుట్టులో అందరికీ పొట్లాలు ఇచ్చేయొచ్చు కదా, అందుకే పెద్ద సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు హార్డ్ డిస్కు బాగానే పరిగెత్తుద్ది. 2020లో సోనీ గేమ్ కన్సోల్ పీఎస్5 గురించి చెప్తూ, దాని డిజైన్ నడిపించిన మార్క్ సెర్నీ, స్పైడర్‌మ్యాన్ గేములో కొన్ని వస్తువుల డేటాని హార్డ్ డిస్కు మీద 400 సార్లు రాశారని చెప్పాడు, వెతుక్కోకుండా ఎక్కడికక్కడ పక్కనే ఒక కాపీ. ఒకే పాపని 400 గుర్రాల మీద కూర్చోబెట్టినట్టు! ఇంత అందమైన తిప్పలు నేనింకోటి వినలేదు. డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైలు ముక్కల్ని పక్కపక్కన పెట్టడం) చేసేది కూడా పిల్లల్ని వరసలో కూర్చోబెట్టే పనే, ఎస్ఎస్‌డీకి అది చెయ్యబాకండి, లాభం లేదు, ఊరికే అరుగుద్ది.

ఇంకోటి, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి రిఫ్రెష్, రిఫ్రెష్ అని పదిసార్లు నొక్కితే స్పీడ్ పెరుగుద్దని మన దగ్గర గట్టి నమ్మకం, మాకు ల్యాబులో నేర్పింది కూడా అదే. అది ఐకాన్లని మళ్లీ చూపిస్తుంది, అంతే. సెకండరీ మెమరీ నిర్వచనం బట్టీ పట్టించే బదులు ఒక పాత డిస్కు విప్పి పిల్లల చేతిలో పెడితే ఈ నమ్మకం ఆరోజే పోద్ది.

సాటా (పాత రకం కనెక్షన్) ఎస్ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ, మంచి ఎన్‌వీఎంఈ (బోర్డు స్లాట్‌లో దిగే వేగమైన రకం) 7,000 కూడా చదువుద్ది, అయినా లోడింగు పన్నెండు రెట్లు తగ్గదు, ఎందుకంటే డేటా కంప్రెస్ అయ్యుంటే సీపీయూ విప్పాలి, షేడర్లు (బొమ్మ ఎట్టా గీయాలో జీపీయూకి చెప్పే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ కావాలి. జీటీఏ ఆన్‌లైన్ అనే గేము నిమిషాల తరబడి లోడయ్యేది, 2021లో ఒక ప్రోగ్రామర్ చూస్తే అసలు కారణం సీపీయూ ఒక 10 ఎంబీ ఫైలుని చదివే పద్ధతి, అది సరిచేస్తే టైము దాదాపు 70 శాతం తగ్గింది.

మావాడి సిస్టంలో ర్యామ్ (పనిలో ఉన్న డేటా పెట్టుకునే చోటు) 8 జీబీయే. అది నిండితే విండోస్ మిగతాది డిస్కులో పెట్టుద్ది, మళ్లీ రాట్నమే. బోర్డు పాతది, ఎన్‌వీఎంఈ స్లాట్ లేదు, సాటానే తీసుకోమన్నా, విండోసు, గేములు దాంట్లోకి. పాత డిస్కు పారెయ్యబాక, సినిమాలు దాంట్లో పెట్టుకో, వరసగా చదివే పనికి అది చాలు అని చెప్పా.