ఫార్ లాప్: గుండె ఒకచోట, తోలు ఒకచోట, ఎముకలు ఇంకోచోట

ఫార్ లాప్ అనే ఈ రేసు గుర్రం మాదంటే మాదని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళు ఇప్పటికీ కీచులాడుకుంటుంటారు, దాన్ని చంపిందెవరన్న గొడవ ఇంకోటి.

పుట్టింది 1926లో, న్యూజిలాండ్‌లోని టిమారు దగ్గర. 1928 వేలంలో సిడ్నీ ట్రైనర్ హ్యారీ టెల్‌ఫోర్డ్ దాని వంశం లెక్కలు చూసి మనసు పారేసుకున్నాడు, కానీ చేతిలో డబ్బుల్లేవు, డేవిస్ అనే అమెరికన్ వ్యాపారితో 160 గినీలకు (అప్పటి బ్రిటిష్ డబ్బు లెక్క) కొనిపించాడు. తీరా చూస్తే బక్కచిక్కి, మొహమంతా పులిపిర్లు. డేవిస్‌కి తిక్కరేగి ట్రైనింగ్‌కి పైసా ఇవ్వనన్నాడు, సరే మూడేళ్ళు లీజుకివ్వమని టెల్‌ఫోర్డే తీసుకున్నాడు. ధ్యాస రేసు మీదే ఉండాలని విత్తు కూడా కొట్టించేశాడు, అందుకే ఇంత పేరున్న గుర్రానికి పిల్లలే లేవు.

మొదటి నాలుగు రేసుల్లో ఒక్కటీ గెలవలేదు. కానీ చివరికి లెక్క చూస్తే 51 రేసుల్లో 37 గెలుపులు! జనమేమో ఆర్థిక మాంద్యంలో నలిగిపోతున్నారు, వాళ్ళకి సంతోషపడటానికి దొరికింది ఇదొక్కటే. పందేలు కట్టించుకునే బుకీలకి మాత్రం నిద్ర లేదు. 1930లో కాల్‌ఫీల్డ్ కప్ రేసు అమౌనిస్ అనే ఇంకో గుర్రం, మెల్బోర్న్ కప్ రేసు ఫార్ లాప్ గెలుస్తాయని జంట పందేలు కాసినవాళ్ళు బోలెడుమంది, అమౌనిస్ ఆల్రెడీ గెలిచేసింది, ఫార్ లాప్ కూడా గెలిస్తే బుకీలు మునిగినట్టే. ఇక నవంబర్ 1 పొద్దున్నే ప్రాక్టీస్ అయ్యాక, ఫార్ లాప్‌ని కన్నబిడ్డలా చూసుకునే టామీ వుడ్‌కాక్ ఒక పోనీ (పొట్టి గుర్రం) ఎక్కి దాన్ని పక్కనే నడిపించుకొస్తుంటే ఒక కారు దగ్గరికొచ్చింది, అందులోంచి తుపాకీ పేలింది. వుడ్‌కాక్ తన పోనీని అడ్డం పెట్టాడు, గురి తప్పింది. అదే రోజు మధ్యాహ్నం ఫార్ లాప్ పరిగెత్తి మెల్బోర్న్ స్టేక్స్ అనే రేసు గెలిచేసింది! తర్వాత జీలాంగ్ దగ్గర దాచిపెట్టి, మంగళవారం తీసుకొచ్చి 62.5 కిలోల బరువు మోయిస్తూ మెల్బోర్న్ కప్ కొట్టించారు. కాల్చిందెవరో తేలనేలేదు.

మెల్బోర్న్ కప్ హ్యాండిక్యాప్ రేసు, అంటే బాగా పరిగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు ఎక్కిస్తారు, 1931 కప్‌లో దీని నెత్తిన ఏకంగా 68 కిలోలు పెట్టారు. ఎనిమిదోది వచ్చింది. నాకైతే అది ఓటమి కింద లెక్కే కాదు.

1932 మార్చి 20న మెక్సికోలో, టిహువానా దగ్గర అగ్వా కాలియెంటే రేసు గెలిచింది, అది కూడా గిట్ట చీలి ఉండగానే. పదహారు రోజులకి, ఏప్రిల్ 5న, కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ దగ్గర నొప్పితో మెలికలు తిరుగుతూ వుడ్‌కాక్ కళ్ళముందే పోయింది. అమెరికా మాఫియా పనేనని జనం ఫిక్సయిపోయారు. 2008లో దాని జూలు వెంట్రుకల్ని పరీక్షిస్తే, చనిపోయే ముందు 30-40 గంటల్లో పెద్ద మోతాదులో ఆర్సెనిక్ అనే విషం లోపలికి పోయిందని బయటపడింది. కాకపోతే అప్పట్లో గుర్రాల టానిక్కుల్లోనే ఆర్సెనిక్ కలిపేవాళ్ళు, టెల్‌ఫోర్డ్ రాసుకున్న టానిక్కుల నోట్‌బుక్‌లో కూడా ఉంది. కావాలని పెట్టారా, డోసు తప్పిందా అన్నది వెంట్రుక చెప్పదు కదా. నా అనుమానం టానిక్ మీదే.

చచ్చాక పంపకాలు జరిగాయి. తోలు మెల్బోర్న్‌కి, ఎముకలు వెల్లింగ్టన్‌కి, 6.2 కిలోల గుండె కాన్‌బెర్రాకి. 2010లో మెల్బోర్న్ కప్‌కి 150వ ఏడని ఎముకల్ని తెచ్చి తోలు పక్కన నిలబెట్టారు. గుండె మాత్రం రాలేదు, కదిలిస్తే పాడైపోతుందని.