గోల్కొండ పతనం సెప్టెంబరు 21నా, అక్టోబరు 1నా? 1687 తేదీల మీద అపోహలు - వాస్తవాలు

ఏటా సెప్టెంబరు చివరి వారంలో ఇదే గొడవ. "1687 సెప్టెంబరు 21న గోల్కొండ ఔరంగజేబు వశమైంది" అని ఒకరు రాస్తారు. "కాదు, అక్టోబరు 1" అని ఇంకొకరు దిద్దుతారు. సెప్టెంబరు 22 అనేవాళ్లూ ఉన్నారు. పది వ్యాఖ్యలు దాటేసరికి చరిత్రను ఎవరో కావాలని మార్చేశారన్న పుకారు బయల్దేరుతుంది. పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లలు మాత్రం ఏ తేదీ రాయాలో తెలియక నిజంగానే బెంగపడతారు. ముందు వాళ్లకో మాట: పరీక్షలో మీ పాఠ్యపుస్తకంలో ఉన్న తేదీనే రాయండి. మీరు చదివింది తప్పు కాదు.

అపోహ: రెండు తేదీలు కనిపిస్తే ఒకటి అబద్ధం.

వాస్తవం: సెప్టెంబరు 21, అక్టోబరు 1 ఒకే రోజుకు రెండు పేర్లు. మొదటిది పాత పద్ధతి, అంటే జూలియన్. రెండోది కొత్త పద్ధతి, అంటే గ్రెగోరియన్. పోప్ పదమూడో గ్రెగరీ 1582లో అక్టోబరు 4 మర్నాటిని అక్టోబరు 15 అనమన్నాడు. కేథలిక్ దేశాలు ఒప్పుకున్నాయి, ఇంగ్లండు ఒప్పుకోలేదు. 1752 దాకా అక్కడ పాత లెక్కే నడిచింది. పదిహేడో శతాబ్దమంతా ఈ రెండింటికీ తేడా సరిగ్గా 10 రోజులు. 1700 ఫిబ్రవరి దాటాక 11 అయింది. ఇప్పుడు 13. ఈనాటి 13ని తీసుకెళ్లి 1687కి కలిపేవాళ్లున్నారు, అది తప్పు.

మన చరిత్ర పుస్తకాలకు సెప్టెంబరు 21 రావడానికి కారణముంది. మొఘల్ చరిత్ర రాసిన జదునాథ్ సర్కార్ లాంటివాళ్లు హిజ్రీ తేదీలను, అంటే చంద్రుణ్ని బట్టి నడిచే ఇస్లామీ తేదీలను, పాత పద్ధతిలోకి మార్చారు. నేటి కన్వర్టర్లు అదే హిజ్రీ తేదీని కొత్త పద్ధతిలో చూపిస్తాయి. ఎవరూ దేన్నీ దాచలేదు.

నమ్మకం కుదరకపోతే లెక్క వేసి చూడండి. కోట పడింది హిజ్రీ 1098 జిల్‌ఖాద 24న. ఆ ఏడాది మొహర్రం 1 కొత్త పద్ధతిలో 1686 నవంబరు 17. నెలలకు 30, 29 చొప్పున ఒకదాని తర్వాత ఒకటి వేస్తే జిల్‌ఖాదకు ముందున్న పది నెలలకు 295 రోజులు. 24వ తేదీ కోసం ఇంకో 23 కలపాలి, మొత్తం 318. నవంబరు 17 నుంచి 318 రోజులు లెక్కపెడితే అక్టోబరు 1 వస్తుంది. అందులోంచి పది తీసేస్తే సెప్టెంబరు 21.

"ఏదైతేనేం, పది రోజులేగా" అనుకుంటే నష్టం ఎక్కడో చూడండి. అదే ఏడాది ఏథెన్స్‌లో పార్థినాన్ అనే ప్రాచీన గ్రీకు ఆలయం పేలిపోయింది. తుర్కులు అందులో మందుగుండు నిల్వ చేశారు, మొరొసీని నాయకత్వంలోని వెనీషియన్ సేన వేసిన మోర్టారు గుండు దానిమీద పడింది. తేదీ సెప్టెంబరు 26. "1687లో ఏం జరిగింది" అనే జాబితాల్లో గోల్కొండ 21న, పార్థినాన్ 26న వరుసగా కనిపిస్తాయి. చదివినవాళ్లు గోల్కొండ ముందు పడిందనుకుంటారు. జరిగింది తలకిందులు. వెనిస్ వాడింది కొత్త పద్ధతి, కాబట్టి 26 కొత్త లెక్క. గోల్కొండ 21 పాత లెక్క. రెండింటినీ ఒకే కొలతకు తెస్తే పార్థినాన్ సెప్టెంబరు 26, గోల్కొండ అక్టోబరు 1. హిజ్రీలో చూస్తే ఇంకా తేలిక: రెండూ 1098 జిల్‌ఖాదలోనే, ఒకటి 19న, మరొకటి 24న. ముందు పేలింది పార్థినాన్, ఐదు రోజుల తర్వాత పడింది గోల్కొండ. ఒకే జాబితాలో రెండు పద్ధతులు కలిపితే ఏది ముందో ఏది వెనకో చెప్పలేం. అసలు నష్టం అదే.

దీనికోసం ఏథెన్స్ దాకా వెళ్లనక్కర్లేదు, మన బందరులోనే ఉంది. మచిలీపట్నంలో డచ్చివాళ్ల వర్తక స్థావరం కొత్త పద్ధతిలో తేదీ వేసేది, ఇంగ్లీషువాళ్లది పాత పద్ధతిలో. ఒకే ఊళ్లో ఒకే రోజు రాసిన రెండు ఉత్తరాల మధ్య పది రోజుల తేడా ఉంటుంది. కబురు ఎవరికి ముందు తెలిసిందన్న వాదనలు ఇది గమనించకుండా చేస్తే మొదటికే మోసం. తేదీ చూసేముందు ఉత్తరం రాసిందెవరో చూడండి. పాండిచ్చేరి ఫ్రెంచివాళ్లు, గోవా పోర్చుగీసువాళ్లు కొత్త పద్ధతి. మద్రాసు ఇంగ్లీషువాళ్లు, తరంగంబాడి డేన్లు (డెన్మార్కువాళ్లు) పాత పద్ధతి.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే తప్పు రెండుసార్లు మార్చడం. ఒకరు 21ని అక్టోబరు 1గా మార్చి, పద్ధతి పేరు వేయకుండా వదిలేస్తారు. ఆ పుస్తకం చూసిన మరొకరు అది పాత తేదీ అనుకుని ఇంకో పది కలుపుతారు. అక్టోబరు 11 అలా పుడుతుంది. దీనికి విరుగుడు వారం. పద్ధతి మారినా వారం మారదు. కోట పడిన రోజు రెండు లెక్కల్లోనూ బుధవారమే. ఫోనులో, కంప్యూటర్లో 1687 సెప్టెంబరు 21 అని కొడితే ఆదివారం అని చూపిస్తుంది, ఎందుకంటే అది కొత్త పద్ధతి తప్ప మరొకటి ఎరగదు. అక్టోబరు 1 కొట్టండి, బుధవారం వస్తుంది. దస్తావేజులో వారం రాసి ఉంటే ముందు దాన్ని పట్టుకోండి, తేదీ సంగతి తర్వాత.

ఒక రోజు తేడా, అంటే 21 లేక 22, వేరే కారణంతో వస్తుంది. కోట తలుపు తెరుచుకుంది తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు. ఇంగ్లీషు రోజు అర్ధరాత్రి మారుతుంది, కాబట్టి అప్పటికే బుధవారం. హిజ్రీ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, కాబట్టి ముందురోజు సాయంత్రమే కొత్త తేదీ వచ్చేసింది. పంచాంగం ప్రకారం సూర్యోదయం కాలేదు, ఇంకా మంగళవారమే. పైగా నెలవంక ఒకచోట కనబడి మరోచోట కనబడకపోతే హిజ్రీ తేదీయే ఒకటి అటూ ఇటూ అవుతుంది. ఒక రోజు తేడాకు కొట్లాడకండి. పది రోజుల తేడా వస్తే మాత్రం పద్ధతి అడగండి.

అపోహ: హిజ్రీకి 622 కలిపితే చాలు.

1098కి 622 కలిపితే 1720 వస్తుంది. అప్పటికి ఔరంగజేబు పోయి పదమూడేళ్లు. హిజ్రీ ఏడాదికి 354 లేదా 355 రోజులే, అందుకని సంఖ్యను 33తో భాగించి, వచ్చినదాన్ని అందులోంచి తీసేసి, అప్పుడు 622 కలపాలి. 1098 లోంచి 33 తీస్తే 1065, దానికి 622 కలిపితే 1687. ఇది ఉజ్జాయింపు మాత్రమే. హిజ్రీ 1098 నిజానికి 1686 నవంబరులో మొదలై 1687 నవంబరులో ముగిసింది. నెల తెలియకుండా సంవత్సరం తేల్చకండి. ఫర్మానాలో (బాదుషా ఆజ్ఞాపత్రంలో) జులూస్ సంవత్సరం, అంటే ఆయన ఏలుబడిలో ఎన్నో ఏడో, ఉంటే ఇంకో ఆధారం దొరికినట్టే: ఔరంగజేబు 31వ జులూస్ 1098 రంజాన్ 1న మొదలైంది, కాబట్టి ఆ జిల్‌ఖాద 31లోకి రావాలి. 30 అని ఉంటే మళ్లీ చదవండి.

తెలుగు సంవత్సరంతో కూడా ఇలాగే సరిచూడొచ్చు. ముట్టడి మొదలైన 1687 ఫిబ్రవరికి ఉగాది ఇంకా రాలేదు, కనుక అక్షయ, శాలివాహన శకం 1608. కోట పడింది ప్రభవలో, శకం 1609. శకానికి 78 కలపాలి, జనవరి నుంచి ఉగాది వరకైతే 79. కొన్ని శాసనాలు జరుగుతున్న ఏడాదిని లెక్కలోకి తీసుకుని ఒక అంకె ఎక్కువ వేస్తాయి. అలాంటప్పుడు సంవత్సరం పేరునే నమ్మండి. హిజ్రీ 24 అంటే చంద్రుడు క్షీణిస్తున్న రోజులు. పక్కన శుద్ధ తిథి కనబడితే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

అపోహ: గోల్కొండ మంత్రులు అక్కన్న మాదన్నలు కోట పతనంలో చనిపోయారు. లేదు. వాళ్లను చంపింది అంతకు ఏడాదిన్నర ముందు, 1686 మార్చిలో. అప్పటి ఇంగ్లీషు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ మార్చి మొదటి వారాల నాటి ఇంగ్లీషు ఉత్తరం మీద 1685 అనో, 1685/86 అనో ఉంటే కంగారు పడకండి. ముట్టడి తొలి వారాల ఉత్తరాల మీద 1686 ఉండటానికీ కారణం ఇదే.

అపోహ: న్యూటన్ ప్రిన్సిపియా 1686లో వచ్చింది. శీర్షిక పుటలో 1686 జూలై 5 అని ఉన్నది రాయల్ సొసైటీ అధ్యక్షుడు శామ్యూల్ పీప్స్ పేరిట ఇచ్చిన ముద్రణ అనుమతి తేదీ. పుస్తకం వచ్చింది 1687 జూలైలో. గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడన్న మాట కూడా పద్ధతుల కలగాపులగమే: గెలీలియోది కొత్త పద్ధతిలో 1642 జనవరి 8, న్యూటన్‌ది పాత పద్ధతిలో 1642 డిసెంబరు 25. అది కొత్త పద్ధతిలో 1643 జనవరి 4.

మీరు జాబితా తయారు చేస్తుంటే ముందే ఒక పద్ధతి ఎంచుకుని పైన రాసిపెట్టండి. మూలంలో ఉన్న తేదీని చెరపకుండా పక్కనే ఉంచండి. "1687 సెప్టెంబరు 21 పాత, అక్టోబరు 1 కొత్త, బుధవారం, జిల్‌ఖాద 24, 1098" అని ఒక్క వరుసలో రాస్తే తర్వాత చూసేవాళ్లకు మళ్లీ పది కలపాల్సిన పని ఉండదు. ఏడాది చివరి తేదీల దగ్గర మరింత జాగ్రత్త: మద్రాసు నగరపాలక సంస్థకు చార్టరు ఇచ్చింది 1687 డిసెంబరు 30న. అది పాత పద్ధతి. కొత్త లెక్కలో అప్పటికే 1688 జనవరి 9.