టర్బైను తిప్పిన నీటిలో సారం ఉండదా? కరెంటు గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

థర్మల్ విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూములో ఏళ్ళ తరబడి షిఫ్టులు చేసినవాణ్ణి కనుక, విజయవాడలో ఏ శుభకార్యానికి వెళ్ళినా కరెంటు గురించి ఎవరో ఒకరు అడగకుండా వదలరు. తరచుగా వినబడే మాటలకు నా సమాధానాలు ఇవి.

అపోహ: కరెంటు తీసేసిన నీటిలో సారం ఉండదు, పైరుకు పనికిరాదు.

వాస్తవం: టర్బైను నీటి నుంచి పదార్థమేదీ తీసుకోదు. ఎత్తు నుంచి దిగే నీటికి ఉండే ఒత్తిడిని, వేగాన్ని మాత్రమే వాడుకుంటుంది. నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రంలో టర్బైన్లను తిప్పి నదిలోకి వచ్చిన నీరే పులిచింతల దాటి, ప్రకాశం బ్యారేజీ వద్ద బందరు, ఏలూరు కాలువల్లోకి మళ్ళి పొలాలకు చేరుతుంది. సారం పోవడమే నిజమైతే డెల్టా రైతు వరి వేయడం ఎన్నడో మానుకునేవాడు.

అపోహ: బొగ్గు మండితే కరెంటు పుడుతుంది.

వాస్తవం: బొగ్గు చేసే పని నీళ్ళు కాచడమే. మెత్తని పొడిగా నూరిన బొగ్గును బాయిలరులో మండిస్తే, 210 మెగావాట్ల యూనిట్లో సుమారు 540 డిగ్రీల ఆవిరి తయారై, టర్బైనును నిమిషానికి 3000 చుట్లు తిప్పుతుంది. దానితో కలిసి తిరిగే జనరేటరు ఇరుసు, అంటే రోటారు, ఒక విద్యుదయస్కాంతం. ఆ అయస్కాంత క్షేత్రం చుట్టూ ఉన్న తీగచుట్టలను కోసుకుంటూ సాగడం వల్ల, 1831లో ఫారడే కనుగొన్న సూత్రం ప్రకారం, వాటిలో విద్యుత్తు పుడుతుంది. సెకనుకు 50 చుట్లు కనుక మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తాలు. బొగ్గులోని వేడిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం వాడిన ఆవిరిని మళ్ళీ నీరుగా మార్చే కండెన్సరులోని చల్లని నీటికి పోతుంది. ప్లాంటుకు నది ఎందుకని అడిగేవారికి ఇదే జవాబు.

అపోహ: ఇబ్రహీంపట్నంలో ప్లాంటు పెట్టుకుని బెజవాడలో కరెంటు పోవడమేమిటి?

వాస్తవం: ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం తన కరెంటును గ్రిడ్డులో, అంటే విద్యుత్ కేంద్రాలన్నిటినీ ఊళ్ళతో కలిపే తీగల వలలో, కలుపుతుంది. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్డు కూడా దేశపు గ్రిడ్డుతో ఏకమైంది. అందులో ఏ ప్లాంటు కరెంటు ఏ ఇంటికి చేరిందో విడదీయలేము. ఇక గాలివానకు మీ వీధిలో కరెంటు పోయిందంటే, చాలాసార్లు కారణం ఫీడరు మీద, అంటే సబ్‌స్టేషను నుంచి మీ వీధికి కరెంటు తెచ్చే లైను మీద, పడిన చెట్టుకొమ్మే.

అపోహ: రాత్రి మిగిలిన కరెంటును ప్లాంటులో దాచి ఉంచుతారు.

వాస్తవం: దాచుకోవడానికి మా దగ్గర తొట్టెలేమీ లేవు. సాగర్ ప్రధాన కేంద్రంలోని ఎనిమిది యూనిట్లలో ఏడింటిని నీటిని తిరిగి జలాశయంలోకి తోడేలా రూపొందించారు గాని, అక్కడ దాచేది కరెంటును కాదు, నీటిని. వాడుతున్న క్షణంలోనే ఉత్పత్తి జరగాలి. మే నెల రాత్రి ఊరంతా ఏసీలు వేసే వేళ కంట్రోల్ రూములో ఫ్రీక్వెన్సీ మీటరు చూస్తే సంగతి తెలుస్తుంది: వాడకం ఉత్పత్తిని మించగానే 50.00 మీది అంకె 49.96కు, 49.93కు జారుతుంది. అంటే గ్రిడ్డులోని రోటార్లన్నీ ఒక్కసారే వెంట్రుకవాసి నెమ్మదించాయన్నమాట. అప్పుడు టర్బైను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు అనే పరికరం ఆవిరి వాల్వును మరికాస్త తెరుస్తుంది.