స్కూలు బస్సులో డీజిలా, గ్యాసా, కరెంటా: గొడవ వెనకున్న కథ

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్టుమెంటు గేటు ముందు పొద్దున ఏడుంబావుకి స్కూలు బస్సు ఆగుతుంది. ఇంజను మాత్రం ఆగదు. ఇంకా షూ లేసులు కట్టుకుంటున్న పిల్లల కోసం నాలుగైదు నిమిషాలు అలా గుర్రుమంటూనే ఉంటుంది, తక్కిన పిల్లలు ఆ పొగలోనే లైను కట్టి నిలబడతారు. మొన్నటి పేరెంట్స్ మీటింగులో స్కూలువాళ్లు పాత బస్సులు మార్చాలి, మళ్లీ డీజిలే కొనమంటారా, సీఎన్‌జీకి, అంటే ఒత్తిడితో నింపే సహజవాయువుకి వెళ్దామా, ఎలక్ట్రిక్ తెద్దామా అని అడిగారు. ఎలక్ట్రిక్ అయితే ట్రాన్స్‌పోర్టు ఫీజు పెరుగుతుందని కూడా అన్నారు. అంతే, హాలు రెండుగా చీలిపోయింది.

నిజానికి ఈ గొడవకి చాలా వయసుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు (మా అనంతపురం చుట్టాలకి చెబితే నమ్మరు). కానీ భూమిలోంచి చవగ్గా నూనె వస్తుంటే ఎవరైనా పల్లీలు ఎందుకు గానుగాడిస్తారు? సుమారు వందేళ్ల తర్వాత ఇక్కడే బెంగళూరులో ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వాళ్లు కానుగ నూనెతో ఇంజన్లు నడిపారు, కర్ణాటక ఆర్టీసీ కూడా డీజిల్లో బయోడీజిల్ కలిపి కొన్ని బస్సులు తిప్పింది. అదీ డీజిల్‌ని పక్కకు నెట్టలేకపోయింది.

అసలు మలుపు ఢిల్లీలో వచ్చింది. గాలి కాలుష్యం మీద లాయరు ఎం.సి.మెహతా 1985లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. 1997 నవంబరు 18న వజీరాబాద్ దగ్గర ఒక స్కూలు బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయారు. బస్సుల స్పీడుకి కళ్లెం వేస్తూ, స్కూలు బస్సులకి నియమాలు పెడుతూ కోర్టు అప్పుడిచ్చిన ఆదేశాలూ, మరుసటేడు జులై 28న సిటీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలన్న ఆదేశమూ అదే మెహతా కేసులోవి. గడువు 2001 మార్చి 31. బంకుల దగ్గర బస్సులు రాత్రంతా బారులు తీరాయి, గడువు జరిగింది, మళ్లీ జరిగింది, చివరికి 2002 ఆఖరుకి డీజిల్ సిటీ బస్సులు పోయాయి.

మరి మనకెందుకు రాలేదు? అప్పట్లో మనకి గ్యాసే లేదు. మహారాష్ట్రలోని దాభోల్ నుంచి బెంగళూరుకి పైపులైను వచ్చిందే 2013లో. అందాకా ఆటోలు ఎల్‌పీజీకి మారాయి, బస్సులు డీజిల్‌లోనే ఉండిపోయాయి. దానికి బదులు డీజిల్‌నే మెల్లగా కడుగుతూ వచ్చారు. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగకీ ఇంధనానికీ మన దేశం పెట్టిన ప్రమాణాలు. పది లక్షల పాళ్ల డీజిల్‌కి గంధకం బీఎస్-3లో 350 పాళ్లు, బెంగళూరుకి 2010లో వచ్చిన బీఎస్-4లో 50, 2020 ఏప్రిల్ నాటి బీఎస్-6లో 10. ఈ మధ్యలోనే, 2012లో, డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చేసింది. బీఎస్-6 వచ్చిన నెలలోనేమో లాక్‌డౌన్‌తో స్కూళ్లకి తాళాలు. ఇక కొత్త బస్సు ఎవరు కొంటారు?

కొత్త డీజిల్ బస్సుకి దాని తలనొప్పులు దానికున్నాయి. మా బస్సు డ్రైవరుది మదనపల్లె. "సార్, పొగగొట్టంలో జల్లెడ మాదిరి ఫిల్టరు ఒకటుంటుంది. ఈ ట్రాఫిక్‌లో అది మసితో పూడిపోతాది. లైటు ఎలిగిందంటే ఆదివారం ఖాళీ బండిని హైవే మీద హోస్కోట దాకా తోలుకొని పోవాల, అప్పుడు వేడెక్కి మసి కాలిపోతాది" అన్నాడు. పొగ తగ్గించడానికి పెట్టిన ఫిల్టరు కోసం అదనంగా డీజిల్ తగలేయడం! సీఎన్‌జీకి ఈ బాధ లేదు గానీ, 200 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) ఒత్తిడితో నింపే సిలిండర్లకి మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి, బంకు దగ్గర క్యూ కట్టాలి.

ఎలక్ట్రిక్ బస్సుని మన సిటీ బస్సుల సంస్థ బీఎంటీసీ 2014లోనే తిప్పి చూసింది. కర్ణాటక 2017లో ఈవీ పాలసీ కూడా తెచ్చింది. కేంద్రం 2019లో ఎలక్ట్రిక్ బళ్లని ప్రోత్సహించే ఫేమ్ పథకం రెండో విడతలో బస్సులకిచ్చిన సబ్సిడీ మాత్రం ఆర్టీసీల్లాంటి ప్రజా రవాణాకే, ప్రైవేటు స్కూలు బస్సుకి దక్కలేదు. అదే అమెరికాలో 2021 చట్టంతో కేవలం స్కూలు బస్సుల కోసమే అయిదేళ్లకి 500 కోట్ల డాలర్లు కేటాయించారు.

నన్నడిగితే బ్యాటరీకి స్కూలు బస్సుకి మించిన బండి లేదు. రోజూ ఒకటే రూటు, స్పీడు తక్కువ, పిల్లల్ని దింపాక మధ్యాహ్నం దాకా షెడ్డులో ఊరికే ఉంటుంది, ఆ టైములో చార్జింగ్ పెట్టుకోవచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. మా బస్సు రోజుకి 60 కిలోమీటర్లు దాటదు, అంత తక్కువ తిరిగితే ఆదా అయ్యే డీజిల్ ఎంతని, ముందు పెట్టిన డబ్బు రావడానికి ఎన్నేళ్లని? పొద్దస్తమానం తిరిగే సిటీ బస్సుకి గిట్టుబాటయ్యే లెక్క దీనికి అంత తేలిగ్గా కుదరదు. సబ్సిడీ నిజంగా అవసరమైంది దీనికే, అది దొరకంది కూడా దీనికే.

మీటింగులో ఏమీ తేలలేదు, వచ్చే టర్ముకి వాయిదా వేశారు. కనీసం గేటు దగ్గరైనా ఇంజను ఆపమని డ్రైవర్ని అడిగాను. "ఆపితే ఏసీ పోతాది సార్, లోపలుండే పిల్లోళ్లు ఉడికిపోతారు. మీవోళ్లనే రోంత ముందు కిందికి రమ్మనండి" అన్నాడు. ఆ లేసులు కట్టుకునే బ్యాచీలో మావాడే మొదటివాడు.