అప్పజెప్పడం వచ్చు, చదవడం రాదు: రెండు వందల ఏళ్ల కథ

ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఒక అబ్బాయి నా పక్కన కూర్చుని తెలుగు వాచకం తెరిచాడు. పద్యం ఎత్తుకుని ఒక్క తప్పు లేకుండా రాగంతో సహా పూర్తి చేశాడు. వేలు చూస్తే ఇంకా రెండో పాదం దగ్గరే ఉంది, నోరు మాత్రం నాలుగో పాదం దాటేసింది. అదే పద్యంలోంచి ఒక మాట తీసి విడిగా పలక మీద రాసి "ఇదేంటి నాన్నా?" అని అడిగితే తల వంచుకున్నాడు. "పద్యం మళ్లీ చెప్పమంటే చెబుతాను సార్" అన్నాడు. తర్వాత డిక్టేషన్ ఇచ్చాను. "అన్నయ్య ఊరి నుంచి వస్తున్నాడు" అంటే "అనయ ఊరి నుచి వసునడు" అని రాశాడు. అక్షరాలన్నీ వచ్చాయి. వత్తులు, సున్నా, చివరి దీర్ఘం ఎగిరిపోయాయి.

జూన్‌లో బడులు తెరవగానే హైస్కూల్ తెలుగు టీచర్లందరికీ ఇదే టెన్షన్. కింది తరగతుల చదవడం, రాయడం మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి, కానీ సిలబస్ ఆగదు. దీనికి కరోనా అనో, ఫోన్లు అనో, ఇంగ్లిష్ మీడియం అనో కారణాలు చెబుతుంటాం. వాటి పాత్ర లేదని నేను అనను, కానీ అసలు కథ చాలా పాతది.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు అని లెక్కలు అడిగాడు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వాటిలో చదవదగ్గది. ఆయన అంతకుముందే, 1816లో, తెలుగు వ్యాకరణం రాసిన మనిషి, భాష తెలిసి మాట్లాడాడు. ఆ జిల్లాలో 533 బడులు, అందులో తెలుగు బడులు 226. మొత్తం పిల్లలు 6,641 మంది, అంటే జనాభాలో వెయ్యికి ఏడుగురు కూడా లేరు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట, రెండో వాడికి సున్నా, మూడో వాడి నుంచి బెత్తం దెబ్బలు, ఒక్కొక్కరికి ఒక్కోటి పెరుగుతూ. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి నేర్పడం ఆయనకు బాగా నచ్చాయి. అయితే అదే నివేదికలో ఆయన బాధపడిన విషయం ఒకటుంది: పుస్తకాలన్నీ పద్యాల్లో, మాట్లాడే భాషకు దూరమైన భాషలో ఉన్నాయి, పిల్లలు బోలెడు పద్యాలు తడుముకోకుండా చెబుతారు, అర్థం మాత్రం చిలక్కి తెలిసినంతే తెలుసు అని. నా పక్కన కూర్చున్న ఆ అబ్బాయికీ ఆ వీధిబడి పిల్లలకీ మధ్య దాదాపు రెండు శతాబ్దాలు.

1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష వచ్చాక నేర్పడానికి అచ్చులో ఒక వరస దొరికింది. అక్షరాలు, గుణింతాలు, వత్తులు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు. ఈ వరసని పాతకాలం పద్ధతి అని కొట్టిపారేసే వాళ్లతో నేను ఏకీభవించను. తెలుగు లిపికి అది అవసరం. త, న, మ, య, ర, ల వత్తులు చూడండి, తలకట్టు అక్షరానికీ దాని వత్తుకీ పోలికే ఉండదు, ఎవరో ఒకరు కూర్చుని చూపిస్తే తప్ప పిల్లాడికి దానంతట అది తెలియదు. చిక్కల్లా ఆ వరసని కూడా మనం పాటలా వల్లె వేయించడంలో ఉంది. క నుంచి కం వరకు గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లల్ని మధ్యలో "కొ" ఒక్కటే చూపించి అడగండి, చాలామంది మళ్లీ మొదటి నుంచి మనసులో లెక్కపెట్టుకుంటూ వస్తారు.

భాష దూరం సంగతి తర్వాత గిడుగు రామమూర్తి ఎత్తుకున్నారు. 1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన జె.ఎ. యేట్స్‌కి, బయట మాట్లాడే తెలుగు ఒకటి, బడి పుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకన్న సందేహం వచ్చింది. ఆ ప్రశ్న పర్లాకిమిడిలో ఉన్న గిడుగు జీవితాన్నే మార్చేసింది. బడి పుస్తకాలు వాడుక భాషలో ఉండాలని ఆయన పోరాటం మొదలుపెట్టారు. పాత పుస్తక భాషే ఉండాలనే గ్రాంథికవాదులు 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టుకుని ఎదురు నిలిచారు. గిడుగు 1940లో చనిపోయేదాకా పట్టు వదల్లేదు. ఆగస్టు 29న ఆయన పేరు మీద సభలు జరుపుతాం, మంచిదే. కానీ ఆయన పోరాటంలో పెద్ద భాగం బడి పిల్లాడి చదువు కోసమని ఆ సభల్లో ఎవరూ గట్టిగా చెప్పరు.

స్వాతంత్ర్యం తర్వాత బడులు పెరిగాయి, పిల్లలు వచ్చారు. ఎంతమంది చేరారో లెక్కపెట్టడం అలవాటైంది గానీ, చేరినవాళ్లు చదవగలుగుతున్నారా అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడగడం దేశమంతటా 2005లో ప్రథమ్ సంస్థ 'అసర్' సర్వేతోనే పెద్ద ఎత్తున మొదలైంది. పద్ధతి చాలా తేలిక. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ, ఇవి చూపించి ఇంటి దగ్గరే చదవమంటారు. గ్రామీణ భారతంలో రెండో తరగతి కథ చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు 2018లో 50.5 శాతం, 2022లో 42.8, 2024లో 48.8. అంటే కరోనాకి ముందే సగం మందికి రాదు. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా చేయాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ పథకం ప్రకటించింది, అదే పని కోసం 2022లో తెలంగాణ తొలిమెట్టు మొదలుపెట్టింది. ఈ ఇరవై ఏళ్లలో పథకాల పేర్లు మారాయి గానీ, తరగతి గదిలో పిల్లలంతా కలిసి కోరస్‌గా చదవడం, చూచిరాతతో నోట్‌బుక్ నింపడం మాత్రం అలాగే ఉన్నాయి. కోరస్‌లో రానివాడి గొంతు వినపడదు. చూచిరాతలో అక్షరం గుండ్రంగా ఉంటే టిక్కు పడుతుంది.

మా పక్క మండలంలో ఒక తెలుగు మేడమ్ జూన్ రెండు వారాలూ పాఠం ముట్టుకోరు. 40 మంది ఉన్న క్లాసులో రోజుకి నలుగురిని తన కుర్చీ పక్కకి పిలిచి, వాచకంలో లేని పేరా ఒకటి చదివిస్తారు, రెండు వాక్యాలు చెప్పి రాయిస్తారు. మిగతావాళ్లు ఈలోగా నిన్న ఇంట్లో జరిగింది తమ మాటల్లో రాస్తుంటారు. పది పనిరోజులకి ఎవరికి వత్తులు రావు, ఎవరికి గుణింతమే రాదు, ఎవరు చదివేస్తారు గానీ అర్థం చెప్పలేరు అని ఆవిడ డైరీలో పేరు పేరునా ఉంటుంది. నేనూ అదే చేస్తున్నాను. ఆ అబ్బాయి పేరు పక్కన "న వత్తు, య వత్తు, త వత్తు, సున్నా, దీర్ఘం" అని రాసుకున్నాను, ఈ వారం న వత్తు దగ్గర ఉన్నాం.